ముందు గల్లీ ఖాయం చేసుకోండి, తర్వాత ఫ్లాట్ వెతకండి

ప్రశ్న: మేము మహబూబ్‌నగర్ పద్మావతి కాలనీలో కిరాయికి ఉంటున్నాం. మా ఆయన పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీలో షిఫ్టుల్లో పనిచేస్తారు, మెట్టుగడ్డ దగ్గర కంపెనీ బస్సు ఎక్కుతారు. నేను ఇంట్లోనే 16 మంది పిల్లలకు ట్యూషన్ చెబుతాను, ఒక్కొక్కరికి నెలకు 600. పాప నాలుగో తరగతి, బాబు ఎల్‌కేజీ, ఇద్దరూ నడిచే బడికి పోతారు. అత్తమ్మకు 68 ఏళ్లు, షుగరు, మోకాళ్ల నొప్పులు. రెండు ఫ్లాట్లు చూశాం. ఒకటి భూత్పూర్ రోడ్డులో, క్లాక్ టవర్ నుంచి 6 కిలోమీటర్లు. కొత్తది, 1,650 చదరపు అడుగులు, ట్రిపుల్ బెడ్‌రూం, ఐదో అంతస్తు (అదే చివరిది), హాలుకు పడమర దిక్కున నిలువెత్తు అద్దాలు, లిఫ్టు, జిమ్ము, పిల్లల పార్కు. మొత్తం 45 ఫ్లాట్లు. ధర 64 లక్షలు, మెయింటెనెన్స్ అడుగుకు రెండున్నర రూపాయలు, మూడు నెలల్లో చేతికిస్తామంటున్నారు. చుట్టూ ప్లాట్లు, తుమ్మచెట్లు తప్ప ఏమీ లేవు. రెండోది మెట్టుగడ్డ దగ్గర, 12 ఏళ్ల కిందటి కట్టడం, 1,180 అడుగుల డబుల్ బెడ్‌రూం, రెండో అంతస్తు, లిఫ్టు లేదు, బాత్రూం గోడకు చెమ్మ ఉంది. కిందికి దిగితే గుడి, కిరాణం, దవాఖాన అన్నీ దగ్గరే. 44 లక్షలు, మెయింటెనెన్స్ 1,200. కొత్తది చూసినప్పటి నుంచి ఇంట్లో అందరి మనసూ దాని మీదే ఉంది. నెలాఖరులోగా లక్ష టోకెన్ ఇవ్వమంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: టోకెన్ ఇప్పుడే ఇవ్వకండమ్మా. కొత్తదానికే కాదు, పాతదానికీ ఇవ్వకండి. మీరు చూసిన రెండింట్లో ఒకదానికి లిఫ్టుంది, దిగితే పోవడానికి చోటు లేదు. రెండోదానికి కింద అన్నీ ఉన్నాయి, దిగడానికి లిఫ్టు లేదు. అత్తమ్మకు రెండూ ఒకటే, ఎందులో ఉన్నా ఆమె ఇంట్లోనే ఉండిపోతుంది.

64 లక్షల దాకా పోగలమని అనుకుంటున్న వాళ్లు 44 లక్షల ఇంటిని పక్కన పెట్టుకొని పోల్చుతున్నారు. ఈ రెంటి మధ్య ఉన్న ఇరవై లక్షల జాగాలో, అంటే 50–55 లక్షల్లో, మెట్టుగడ్డ, పద్మావతి కాలనీ, న్యూటౌన్ నడక దూరంలో లిఫ్టున్న ఫ్లాటో, మెట్లు తక్కువుండే మొదటి అంతస్తు ఫ్లాటో మీరు ఇంకా వెతకలేదు. మా సలహా అదే. గల్లీని ఖాయం చేసుకొని అందులో ఫ్లాట్ వెతకండి. మూడు నెలలు గడువు పెట్టుకోండి. బ్రోకర్లతో పాటు ఆ గల్లీల్లోని వాచ్‌మెన్లకు, ఇస్త్రీ బండి అతనికి చెప్పి పెట్టండి. పాత కాలనీల్లో అమ్మకానికి వచ్చే ఫ్లాట్ల కబురు బోర్డు కంటే ముందు వాళ్లకే తెలుస్తుంది.

అయినా మనసు కొత్తదాని మీదే ఉందంటున్నారు కాబట్టి, దాన్ని ఎట్లా తూచాలో చెబుతాం.

ముందు గంటల లెక్క. వారానికి 168 గంటలు. మీ ఆయనకు కంపెనీ, ప్రయాణం కలిపి 60 గంటలు బయటే పోతాయి. మీకు బజారు, బడి పనులు తీసేసినా 140 గంటలు ఇంట్లో, ఇంటి చుట్టుపక్కల గడుస్తాయి. అత్తమ్మకు 160. ఫ్లాట్ నచ్చిందన్న మాట ఎవరు ముందు అన్నారో గుర్తు చేసుకోండి, ఆ మనిషి ఆ ఇంట్లో ఎన్ని గంటలు ఉంటారో పక్కన రాయండి. మామూలుగా ఫ్లాట్లు చూసేది ఆదివారం సాయంత్రం, కారులో పోయి, అందరూ కలిసి. ఆ ఇంట్లో బతికేది మాత్రం మంగళవారం పొద్దున 11 గంటలకు, బండి లేకుండా, ఒక్కరే ఉండి. అందుకే అదే మంగళవారం 11 గంటలకు మీరూ అత్తమ్మా ఆటోలో అక్కడ దిగండి. ఆటోను పంపించేయండి. పాల ప్యాకెట్, కొత్తిమీర కట్ట, ఒక షుగరు గోలీల పట్టీ కొనుక్కొని మళ్లీ గేటు దగ్గరికి రావడానికి ఎంతసేపు పట్టిందో చూడండి. తిరుగు ఆటో దొరకడానికి ఎంతసేపు పట్టిందో కూడా చూడండి. మోకాళ్ల నొప్పులున్న మనిషి పది నిమిషాల్లో నడిచేది 400 మీటర్లు, మహా అయితే 500. ఆ దూరంలో ఏముందన్నదే అత్తమ్మ ఊరు. పెద్ద రోడ్డు దాటాల్సి వస్తే ఆ 400 కూడా లెక్కలోకి రాదు. నడిమధ్య డివైడర్ ఉంటే దాటడానికి తెరిపి (సందు) ఎక్కడుందో, ఎదురు దుకాణానికి ఎంత దూరం పోయి తిరిగి రావాలో చూడండి. బండి మీద మీకైనా సరే, తెరిపి కిలోమీటరు అవతల ఉంటే జనం ఏం చేస్తారో తెలుసు కదా, రాంగ్ రూటులో వస్తారు. పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకొని రోజూ ఆ పని చేయగలరా?

మీ ఆయన సంగతి. హైవే మీదుగా బండి మీద పోతే దగ్గరే అని ఆయన అనుకుంటూ ఉండొచ్చు. కిలోమీటర్లలో నిజమే కావచ్చు. ఇప్పుడు ఆయన కంపెనీ బస్సులో కునుకు తీస్తూ వస్తున్నారు. అక్కడికి మారితే రాత్రి షిఫ్టు చేసి, తెల్లవారి 6 గంటలకు నిద్రకళ్లతో లారీల మధ్య 44వ నంబరు హైవే మీద బండి నడపాలి. కంపెనీ బస్సు భూత్పూర్ రోడ్డు వైపు వస్తుందా, రాత్రి షిఫ్టుకు కూడా వస్తుందా అని ట్రాన్స్‌పోర్టు వాళ్లను అడిగి, అవుననే జవాబు వస్తేనే ఆ దగ్గరితనాన్ని లాభంలో రాసుకోండి.

రాత్రి షిఫ్టు మనిషికి పగటి నిద్ర ఇంకో సమస్య. ఊరి అంచుల్లో రోడ్డు పక్కన మొదట వచ్చేవి ఫంక్షన్ హాళ్లు. ఫ్లాట్ చూసిన రోజు అక్కడ చీమ చిటుక్కుమనకపోవచ్చు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం ముహూర్తాలప్పుడు పొద్దున బ్యాండు, మధ్యాహ్నం మైకు, రాత్రి బరాత్‌లో డీజే. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటొద్దని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట మైకు పెట్టొద్దని కూడా చెబుతున్నాయి. నియమం చేతిలో ఉంటే పోలీసులకు ఫోన్ చేయవచ్చు, అంతే. పెండ్లి వాళ్లతో ప్రతి ముహూర్తానికీ కొట్లాడుతూ ఎవరూ బతకలేరు. పంచాంగం చూసి మంచి ముహూర్తమున్న రోజు పోయి, అర కిలోమీటరు చుట్టూ ఎన్ని హాళ్లున్నాయో లెక్కపెట్టండి. ఫోన్లో శబ్దం కొలిచే యాప్ సరిగ్గా లెక్క చెప్పదు గానీ, ఇప్పుడున్న ఇంట్లో ఎంత చూపిస్తుందో, అక్కడ ఎంత చూపిస్తుందో పోల్చుకోవడానికి పనికొస్తుంది.

చుట్టూ ప్లాట్లు, తుమ్మచెట్లు అన్నారు. తుమ్మలో పాములుంటాయి, కోతులుంటాయి. ఐదో అంతస్తయినా బాల్కనీకి గ్రిల్లు లేకపోతే కోతులు వంటింట్లోకి వస్తాయి, అందమైన ఆ బాల్కనీకి మీరే ఇనుప చువ్వలు పెట్టించుకోవాల్సి వస్తుంది. కిటికీలోంచి కనిపించే ఖాళీ జాగా మీది కాదన్నది కూడా గుర్తుంచుకోండి. ఆ జాగా మాస్టర్ ప్లాన్‌లో నివాసానికి ఉందా, వ్యాపారానికా, పరిశ్రమకా అని మున్సిపల్ టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లోనో, ముడా (మహబూబ్‌నగర్ పట్టణాభివృద్ధి సంస్థ) ఆఫీసులోనో సర్వే నంబరు చెప్పి అడగండి. అక్కడ గోదాము వస్తే రాత్రంతా లారీలు, ఇంకో అపార్ట్‌మెంట్ వస్తే మీ హాలు ముందు గోడ. రెండు కిలోమీటర్ల లోపల కోళ్ల ఫారాలు ఉన్నాయేమో కూడా అడగండి. జడ్చర్ల, షాద్‌నగర్ దారిలో తిరిగేవాళ్లకు ఆ వాసన కొత్త కాదు. ఎండాకాలంలో తెలియదు, వాన పడి గాలి ఆగిన రాత్రి తెలుస్తుంది, మర్నాడు ఈగలు చెబుతాయి. కంకర క్రషర్ ఉంటే బాల్కనీ రెయిలింగు మీద వేలితో రాసి చూడండి. చేతికి తెల్లటి పొడి అంటితే అది మీ పిల్లల ఊపిరితిత్తుల్లోకీ పోతుంది.

వైన్ షాపు, పర్మిట్ రూము గేటుకు ఎంత దూరంలో ఉందో పగలు కాదు, రాత్రి 8 గంటలకు చూడాలి. మీ దగ్గర ట్యూషన్ ముగించుకొని ఆడపిల్లలు ఇంటికి పోయే వేళ అదే.

ఇక నీళ్లు. పాలమూరులో, నల్లగొండలో ఇల్లు కొనేవాళ్లు మార్బుల్ కంటే ముందు చూడాల్సింది ఇదే, అందుకే దీని మీద ఎక్కువసేపు ఆగుతాం.

45 ఫ్లాట్లు, ఫ్లాటుకు నలుగురు, మనిషికి రోజుకు 135 లీటర్లు. మొత్తం 24,300 లీటర్లు. బోర్లు ఆగిపోయి, నల్లా రాకపోతే రోజుకు 5,000 లీటర్ల ట్యాంకర్లు ఐదు కావాలి. మన దగ్గర భూమి కింద ఉన్నది గ్రానైట్ బండ. నీళ్లు పైన మెత్తబడ్డ పొరలో, బండ పగుళ్లలో మాత్రమే ఉంటాయి. ఉగాది దాటాక పై పొర ఎండుతుంది, మిగిలేవి పగుళ్లే. వానాకాలంలో వేసిన బోరు రెండున్నర ఇంచుల నీళ్లు పోసిందన్న మాట ఏప్రిల్‌లో నిలవదు. అడగాల్సింది ఇట్లా: బోర్లు ఎన్ని, ఎంత లోతు, మోటరు ఎంత లోతులో దించారు, మే నెలలో ఆపకుండా ఎన్ని గంటలు పోస్తుంది. మూడు గంటలు తెగకుండా పోస్తే ఆశ ఉంది. ఇరవై నిమిషాలకు గాలి కొట్టి, గంట ఆగి మళ్లీ పోస్తే ఆ బోరు 45 ఇళ్లకు చాలదు. బిల్డర్ మనిషిని అడగొద్దు. పక్క వెంచర్‌లో ఇప్పటికే కాపురం ఉంటున్న వాళ్లను, లేదా ఆ దారిలో నీళ్లు పోసే ట్యాంకర్ డ్రైవర్‌ను అడగండి. పోయిన మే నెలలో రోజుకు ఎన్ని ట్రిప్పులు వేశావంటే అతను వేళ్ల మీద లెక్క చెబుతాడు.

సంపు మూత తెరిపించి చూడండి. లోపలి పొడవు, వెడల్పు, లోతు అడుగుల్లో గుణించి, వచ్చినదాన్ని 28తో హెచ్చిస్తే లీటర్లు వస్తాయి. 16, 16, 7 అడుగులుంటే దాదాపు 50,000 లీటర్లు, అంటే రెండు రోజుల నీళ్లు. ఒక్క రోజుకు కూడా సరిపోని సంపు ఉంటే పైపులైను పగిలిన ప్రతిసారీ మీ ఇంట్లో బిందెలు పరచాలి.

కృష్ణా నీళ్ల నల్లా కనెక్షన్ ఆ అపార్ట్‌మెంట్‌కు మంజూరైందా అన్నది వేరే ప్రశ్న. "లైను వస్తుంది" అంటే రాలేదని అర్థం. మంజూరు కాగితం, డబ్బు కట్టిన రశీదు చూపించమనండి. మహబూబ్‌నగర్ 2025లో కార్పొరేషన్ అయింది, కొన్ని ఊళ్లు కలిశాయి. మీ ఫ్లాట్ ఉన్న సర్వే నంబరు కార్పొరేషన్ హద్దులో ఉందా, పంచాయతీలోనే ఉందా కనుక్కోండి. నల్లా, చెత్త బండి, వీధి దీపాలు, మోరీ అన్నీ దాని మీదే ఆధారం. కరెంటుకు కూడా ఊరి ఫీడరా, పల్లె ఫీడరా అని లైన్‌మన్‌ను అడగండి. పల్లె ఫీడరైతే గాలివాన వచ్చిన రాత్రి కరెంటు తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో అతనే చెబుతాడు. జనరేటర్ ఉందంటే లిఫ్టుకు, మోటరుకేనా, ఫ్లాట్ లోపలికి కూడానా అన్నది తేల్చుకోండి.

ఫ్లోరైడ్. బోరు నీళ్లే తాగాల్సి వస్తే పరీక్ష చేయించకుండా ఒక్క పైసా ఇవ్వొద్దు. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే నీళ్లు లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు, భారతీయ ప్రమాణం ఇదే. మర్రిగూడ, మునుగోడు వైపు మనుషుల వెన్నులు వంగింది ఆ గీత దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగినందుకే. ఫిల్టర్ల అమ్మకందారులు టీడీఎస్ మీటరు ముంచి "300 ఉంది, బంగారం లాంటి నీళ్లు" అంటారు. టీడీఎస్ మీటరు మొత్తం లవణాలు చెబుతుంది, అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. 300 టీడీఎస్ ఉన్న నీళ్లలో కూడా 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉండొచ్చు. కాచితే పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. బోరును పది నిమిషాలు నడిపించి, లీటరు ప్లాస్టిక్ సీసాను అదే నీళ్లతో మూడుసార్లు కడిగి, నిండా పట్టండి. గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజును పట్టుకుంటుంది. మిషన్ భగీరథ నీటి పరీక్షల ల్యాబ్‌లోనో ప్రైవేటు ల్యాబ్‌లోనో ఇచ్చి ఫ్లోరైడ్, నైట్రేట్, కాఠిన్యం మూడూ రాయించుకోండి. నైట్రేట్ 45 మిల్లీగ్రాములు దాటితే ఎక్కడో సెప్టిక్ ట్యాంకు నీళ్లు బోరులోకి దిగుతున్నాయని అనుమానించాలి. మీ బాబు ఎల్‌కేజీ, శాశ్వత దంతాలు చిగుళ్ల లోపల తయారయ్యే వయసు. ఆ మచ్చలు ఒకసారి వస్తే తోమితే పోవు.

వచ్చే నీళ్ల సంగతి ఇది, పోయే నీళ్ల సంగతి కూడా అంతే. కింద బండ ఉంటే సోక్‌పిట్ ఇంకదు. మోరీ లైను లేని చోట 45 ఇళ్ల వాడకపు నీళ్లు ఎక్కడికి పోతాయి? ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) కట్టారా, కడితే నడుస్తుందా, నడిపే ఖర్చు రెండున్నర రూపాయల మెయింటెనెన్స్‌లోనే ఉందా? వెనక ప్రహరీ గోడ అవతలికి నడిచి చూడండి. అక్కడ నల్లటి నీళ్లు, తుంగ, పందులు కనిపిస్తే జవాబు దొరికినట్టే.

పెద్ద వాన పడిన మర్నాడు పోవడం ఎట్లాగూ తప్పదు. పేరుకు వెంచరైనా, పాత నక్షలో అది కుంట శిఖమో (కుంట నిండితే మునిగే భూమి), వాగు దారో కావచ్చు. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువు పూర్తి నీటి మట్టం నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న కుంట నుంచి 9 మీటర్లు, 10 మీటర్ల కంటే వెడల్పైన వాగు నుంచి 9 మీటర్లు వదలాలి. ఊళ్లోనైనా ఇదే చూపు కావాలి. పెద్ద చెరువు మత్తడి దారిలో, రామయ్యబౌలి వైపు ఇళ్లలోకి నీళ్లు వచ్చిన సంగతి మీకు తెలిసిందే. పిల్లల బడి దారిలో రైల్వే అండర్ బ్రిడ్జి ఉంటే ఇంకా జాగ్రత్త. 2022 జూలైలో మాచన్‌పల్లి, కోడూరు మధ్య అండర్ బ్రిడ్జి నీళ్లలో స్కూలు బస్సు చిక్కుకుంటే చుట్టుపక్కల వాళ్లు పిల్లల్ని బయటికి తీశారు.

ఫ్లాట్ లోపల ఒక్క మాట. చివరి అంతస్తు, పడమటి అద్దాలు. మే నెలలో సాయంత్రం 4 నుంచి 6.30 దాకా మీ హాలు పొయ్యి. ఆ వేడిలోనే మీ ట్యూషన్ మొదలుపెట్టాలి. పడమటెండ ఏటవాలుగా వస్తుంది కాబట్టి రెండడుగుల సజ్జా దాన్ని ఆపలేదు. లోపల కట్టిన తెర కూడా అంతంతే, వేడి అద్దం దాటి వచ్చాక తెర ఏం చేస్తుంది? బయటి వైపు తడకలు కట్టాలి, అందుకు అసోసియేషన్ ఒప్పుకోవాలి. పైన స్లాబుకు తెల్లటి కూల్ రూఫ్ పూత వేయించాలి. రాత్రి 8 గంటలకు పోయి స్లాబు కింద చేయి పెట్టి చూడండి.

ఇప్పుడు పైసలు. మీరనుకుంటున్న తేడా 20 లక్షలు. కట్టడం పూర్తయినట్టు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ రాని ఫ్లాట్‌కు 45 లక్షలు దాటితే 5 శాతం జీఎస్టీ, అంటే 3.2 లక్షలు. రిజిస్ట్రేషన్ మొత్తం 7.5 శాతం, 4.8 లక్షలు. 64 కాస్తా 72 అయింది. పాతదానికి జీఎస్టీ లేదు, రిజిస్ట్రేషన్ 3.3 కలిపి 47.3. తేడా దాదాపు 25 లక్షలు. 20 ఏళ్ల అప్పుకు 8.5 శాతం వడ్డీ వేసుకుంటే లక్షకు నెలకు 868 రూపాయల కిస్తు, 25 లక్షలకు 21,700.

ఈ 868 అంకెను గుర్తుంచుకోండి, దీనితోనే గల్లీని కూడా తూచవచ్చు. నెలకు వెయ్యి రూపాయల అదనపు ఖర్చంటే లక్షా పదిహేను వేల అప్పు చేసినట్టు. కొత్త చోటికి పోతే స్కూలు వ్యాన్ ఇద్దరికీ 3,000 అనుకుందాం. అత్తమ్మ ఆటోలు 800. మీ బండి పెట్రోలు 1,200. మెయింటెనెన్స్ 4,125, పాతదానికంటే 2,925 ఎక్కువ. ట్యూషన్ పిల్లల్లో సగం మంది 6 కిలోమీటర్లు రారు, 4,800 పోయింది. మొత్తం 12,725. అంటే 14 లక్షల 66 వేల అప్పుతో సమానం. వ్యాను, ఆటో రేట్లు మేం అంచనాగా వేసినవి, మీ అంకెలు వేసుకొని మళ్లీ కూడండి. 45 ఇళ్లలో కొత్త ట్యూషన్ పిల్లలు దొరకరా అంటే, దొరకవచ్చు. ఎన్ని ఫ్లాట్లలో కాపురాలు వస్తాయో, ఎన్ని హైదరాబాద్ వాళ్లు కొని తాళం వేసి పెడతారో చూడాలి. రాత్రి 8 గంటలకు ఆ వైపు ఇప్పటికే నిండిన అపార్ట్‌మెంట్ ముందు నిలబడి వెలుగుతున్న కిటికీలు లెక్కపెట్టండి.

పైగా 1,650 అనేది మీరు అడుగుపెట్టే జాగా కాదు. అందులో మెట్లు, లిఫ్టు, వరండా వాటా కలిసి ఉంటాయి. కొత్త అపార్ట్‌మెంట్లలో కార్పెట్ ఏరియా సాధారణంగా 70–75 శాతం, అంటే 1,155 నుంచి 1,240 అడుగులు. పాతదాంట్లో ఉమ్మడి జాగా తక్కువ కాబట్టి 1,180లో 950 దాకా రావచ్చు. టేపు పెట్టి రెండూ కొలవండి. మీరు 25 లక్షలు ఎక్కువ పెట్టేది ఒక పెద్ద గది కోసం.

కాగితాల గురించి తెలిసిందే అయినా రెండు మాటలు. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరును తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో మీరే కొట్టి చూడండి. అందులో పెట్టిన ప్లాన్‌లో ఐదో అంతస్తు ఉందా చూడండి. బిల్డర్లు అనుమతి కోసం కట్టిన జాగాలో 10 శాతాన్ని మున్సిపాలిటీకి తనఖా పెడతారు, ఆక్యుపెన్సీ వచ్చాకే అది విడుదలవుతుంది. మీకు చూపిస్తున్న ఫ్లాట్ ఆ 10 శాతంలోది కాదని తనఖా దస్తావేజు చూసి రూఢి చేసుకోండి. 30 ఏళ్ల ఈసీ (ఆస్తి లావాదేవీల, తాకట్ల వివరాల పత్రం), లింకు డాక్యుమెంట్లు, నాలా మార్పిడి (సాగు భూమిని ఇతర వాడకానికి మార్చిన అనుమతి), మీ వాటాకు ఎన్ని గజాల భూమి వస్తుందన్నది లాయరుకు వదిలేయండి.

మెట్టుగడ్డ ఫ్లాట్ మీద కూడా గుడ్డిగా ప్రేమ వద్దు. రెండో అంతస్తంటే 36 నుంచి 40 మెట్లు. అత్తమ్మను మూడు రోజులు వరసగా, రోజుకు రెండుసార్లు ఎక్కించి దించండి. మూడో రోజు ఆమె "రేపు పోదాంలే" అంటే ఆ ఇల్లు మీకు కాదు. "తర్వాత లిఫ్టు పెట్టించుకుందాం" అని ఎవరన్నా లెక్కలోకి తీసుకోకండి. ఓనర్లందరి ఒప్పుదల కావాలి, మళ్లీ అనుమతి కావాలి, కింది అంతస్తు వాళ్లు పైసలివ్వరు. గోడ చెమ్మ ఎక్కువసార్లు పై ఇంటి బాత్రూం నహానీ ట్రాప్ (నీళ్లు బయటికి పోయే జాలీ) దగ్గరో, టైల్స్ సందుల్లోనో మొదలవుతుంది. పై ఇంట్లో ట్రాప్ మూసి, రెండంగుళాల నీళ్లు 48 గంటలు నిలబెట్టి కింద చూడాలి. తడి పెరిగితే జాడ దొరికింది, పై వాళ్లు బాగు చేయిస్తామని రాసిచ్చాకే మాట ముందుకు పోవాలి. తడి పెరగకపోతే గోడలోని పైపును అనుమానించండి. స్లాబు అడుగున తుప్పు మరకలు, పెచ్చులూడి కడ్డీ బయటపడటం కనిపిస్తే స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిపించకుండా బేరం ఆడొద్దు. ఇవన్నీ బాగున్నా, అదే గల్లీలో మొదటి అంతస్తు ఫ్లాట్ రెండు లక్షలు ఎక్కువకు దొరికితే మీకు అదే చవక.

ఇన్ని చూశాక కూడా భూత్పూర్ రోడ్డే కావాలనిపిస్తే, కొనకముందు ఆ చుట్టుపక్కల ఏదో ఒక అపార్ట్‌మెంట్‌లో ఏప్రిల్ నుంచి జూలై దాకా కిరాయికి ఉండండి. నాలుగు నెలల్లో బోరు ఎండటమూ, వాన నిలవటమూ, బడి మొదటి నెల తిప్పలూ మూడూ కనిపిస్తాయి. కిరాయి, సామాను తరలింపు కలిపినా మీరు పెట్టబోయే 72 లక్షల్లో అది ఒక శాతం దరిదాపుల్లో ఖర్చు.

నెలాఖరు గడువు గురించి కంగారు వద్దు. రిజిస్టర్ చేసిన అమ్మకపు ఒప్పందం లేకుండా ధరలో 10 శాతం మించి తీసుకోకూడదని రెరా చట్టం 13వ సెక్షన్ చెబుతోంది, లక్ష దానికి చాలా లోపలే. కానీ లక్ష కూడా రాత లేకుండా ఇవ్వకండి. ఒకవేళ ఇచ్చేటట్టయితే నగదు వద్దు, చెక్కు రాయండి. రశీదు మీద ఫ్లాట్ నంబరు, కార్పెట్ ఏరియా, రెరా నంబరు, మొత్తం ధర వేయించండి. కింద ఒక వాక్యం రాయించుకోండి: "లాయరు పరిశీలనలో గానీ, నీటి పరీక్షలో గానీ, బ్యాంకు అప్పు విషయంలో గానీ తేడా వస్తే 30 రోజుల్లో మొత్తం సొమ్ము వాపసు." ఆ వాక్యం కింద సంతకం పెట్టడానికి వాళ్లు వెనకాడితే చెక్కు బుక్కు సంచిలో పెట్టుకొని వచ్చేయండి.